దుమ్ముకీ కప్పుకీ మధ్య

ఉప్పు దేన్నీ మరిచిపోదు.
కరాబులాఖ్ గనిలో
పదహారు వందల ఏళ్ల కిందట
ఎవరో కొరికి ఊసిన కర్బూజా గింజ మీద
పంటిగాటు ఇంకా ఉంది.
తాడు ముక్కలో పేనిన చేతి జిడ్డు ఉంది.
గాడిద పేడలో అరగని బార్లీ పొట్టు ఉంది.
అన్నిటికీ నంబర్లు వేశాం.

కుర్రాడికి వేసేటప్పుడు మాత్రం
నా పెన్ను కాస్త తడబడింది.
పదహారేళ్లుంటాయని ఎముకల లెక్క.
పైపెదవి మీద నూనూగు మీసం
ఉప్పులో ఊరి, ఎర్రబారి,
ఇవాళ పొద్దున్నే మొలిచినట్టుంది.

నా పని బట్టలతో.
చొక్కా. గొర్రె ఉన్ని. మంజిష్ఠ ఎరుపు.
కుడి మోచేతి దగ్గర ఒక మాసిక.
ఆ దారం చొక్కా రంగుది కాదు,
ఇంట్లో ఏది చేతికందితే అది.
కుట్లు మొదట్లో చీమల బారులా దగ్గరదగ్గరగా ఉండి
చివరికొచ్చేసరికి అంగలు వేశాయి.
దీపంలో నూనె అయిపోయిందో,
గుమ్మంలో నిలబడి వీడే
"ఇంక చాల్లే, పొద్దెక్కుతోంది" అన్నాడో.
ఫారంలో కుట్టు రకానికి ఒక గడి ఉంది.
"సాదా" అని నింపాను.

శుక్రవారం తాతని తీసుకొచ్చాను.
హైబతుల్లా.
నలభై ఏళ్లు ఇదే కొండ కడుపులో ఉప్పు కొట్టినవాడు.
గని నోట్లోకి, మసీదులోకి వెళ్లినట్టు,
కుడికాలు ముందు పెట్టాడు.
కుర్రాడి పక్కన గొంతుక్కూర్చున్నాడు.
చాలాసేపటికి అడిగిన మొదటి మాట:
"వీడికి కూలి ముట్టిందా?"

మా డైరెక్టరుగారు మంచి మనిషి, ఓపిగ్గా చెప్పారు.
సాసానీ రాజుల కాలమనీ,
నాణెం మీద ఒక పక్క రాజు తల, ఒక పక్క అగ్నిగుండమనీ,
ఇక్కడి ఉప్పు ఒంటెల మీద ఎంత దూరం పోయేదో, ఏ పన్ను కట్టేదో.
తాత అంతా ఊఁకొట్టి విన్నాడు.
"అదే అడుగుతున్నా బాబూ.
ముట్టిందా?"

తర్వాత తల ఎత్తి కప్పు చూశాడు.
అరచెయ్యి గోడకి ఆనించి, తీసి,
నాలిక చివర తాకించుకున్నాడు.

"బాలా, కప్పు ఒక్కసారిగా కూలదు.
ముందు దుమ్ము రాలుద్ది,
జల్లెడ పట్టినట్టు, సన్నగా.
దీపం మంట ఒకసారి ముడుచుకుంటది.
ఆ దుమ్ముకీ కప్పుకీ మధ్య
నాలుగు ఊపిర్ల సందు ఉంటది.
ఈ వయసోడు ఆ సందులో
అదిగో, అక్కడిదాకా ఉరకగలడు."

చేతికర్రతో వెలుతురు చూపించాడు.
నేను తర్వాత టేపుతో కొలిచాను.
ఆరు మీటర్లు లేదు.

"వీడి మోకాళ్లు ఎటు వంగాయో చూడు.
ముంజేయి ఎటు చాచాడో చూడు.
వీడు ఉరికాడు.
బయటికి కాదు."

ఎవరూ మాట్లాడలేదు.
జనరేటర్ ఒక్కటే బయట దగ్గుతోంది.
మా నివేదికలో రెండేళ్లుగా ఒక వాక్యం ఉంది:
"తప్పించుకునే వ్యవధి లేని ప్రమాదం."
అది రాసింది నేనే.
దుమ్ము సంగతి నాకు తెలియదు.

"లోపల ఇంకెవరో ఉన్నారు,"
అంటూ తాత తన ఎడమచెవి రుద్దుకున్నాడు,
వినబడని చెవి.
అదెప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
ఆ రోజు కూడా నేను అడగలేదు.
టీ పోసిచ్చాను.
చక్కెర ముక్క దవడకి నొక్కిపెట్టి
పళ్లెంలోంచి చప్పరిస్తూ తాగాడు,
ఎండవైపు వీపు పెట్టి.

పై వారంతో అనుమతి గడువు అయిపోయింది.
డబ్బు అంతకు ముందే అయిపోయింది.
లోపలి సొరంగానికి ఇసుక బస్తాలు అడ్డం వేశాం.
రిమార్కుల గడిలో రాశాను:
"ఇంకొకరు ఉండవచ్చు. ఆధారం: హైబతుల్లా, ఉప్పు కూలి."
డైరెక్టరుగారు చదివి
"ఆధారం" కింద పెన్సిల్‌తో ఒక గీత గీశారు,
కొట్టెయ్యలేదు.

ఆ సాయంత్రం తాళం వెయ్యడం నా వంతు.
ఇనుప తలుపు సగం మూసి,
పేరు తెలియదు కాబట్టి ఊరికే
"ఓయ్" అని ఒక కేక వేశాను.
గొంతు బస్తాల దాకా పోయి, అక్కడే ఉండిపోయింది.
నాలుగు ఊపిర్లు లెక్కపెట్టుకుని
తాళం తిప్పాను.